పిల్లలు నిలబడితే గుండె దడ - గుర్తించడం ఎలా?

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము వైద్యులము కాము. ఉర్దూ మీడియం పాఠశాలలో ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెప్పుకుంటున్నవాళ్ళము. అయినా కార్యదర్శిగారు ఈసారి చదువు సంగతి కాకుండా పిల్లల ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమంటే వెంటనే ఒప్పుకున్నాము. ఎందుకంటారా? తొమ్మిదో తరగతి, పదో తరగతిలో బడి మానేసే ఆడపిల్లలు మాకు ఏటా కనిపిస్తూనే ఉన్నారు. వారిలో కొందరు ఫీజు లేక మానరు, పెళ్ళి కుదిరీ మానరు. "నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి సార్, గుండె దడదడ కొట్టుకుంటోంది" అని మానేస్తారు. ఆ పిల్లకు ఉన్నదేమిటో ఎవరూ చెప్పరు గనుక ఎవరికి తోచిన పేరు వారు పెడతారు. ఇంట్లో బద్ధకమంటారు. బడిలో నాటకమంటారు. ఖాలాలు, ఫుప్పులు వచ్చి నజర్ తగిలిందనో, ఆసేబ్ పట్టిందనో అంటారు. తావీజు ఒకటి మెడలో పడుతుంది, పుస్తకాల సంచీ అటక ఎక్కుతుంది.

ఇలాంటి పిల్లల్లో కొందరికి ఉన్నది ఒక అసలైన జబ్బు. దాని పేరు పోశ్చురల్ ఆర్థోస్టాటిక్ టాకీకార్డియా సిండ్రోమ్. నోరు తిరగని పేరు గనుక డాక్టర్లు పొట్టిగా పోట్స్ అంటారు. పోట్స్ అనగానే మనవాళ్ళు రక్తపు పోటు అనుకుంటారు, అది కాదు. ఇందులో రక్తపు పోటు ఇంచుమించు సరిగానే ఉంటుంది. నిలబడినప్పుడు గుండె వేగం మాత్రం హద్దు దాటి పెరుగుతుంది. అందుకే ఇది ఇంతకాలం దొరకకుండా తిరిగింది. పిల్లను మంచం మీద పడుకోబెట్టి చూస్తే అన్నీ బాగానే ఉంటాయి మరి!

కొంచెం శరీర శాస్త్రం చెప్పుకుందాము. మనిషి పడుకున్నవాడు లేచి నిలబడగానే సుమారు అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా రక్తం కిందికి, అంటే పొట్టలోకి, కాళ్ళలోకి జారుతుంది. మెడలోని పెద్ద రక్తనాళాల దగ్గర, గుండె పైన ఉన్న పెద్ద ధమని దగ్గర ఒత్తిడిని కనిపెట్టే నరాల కొసలున్నాయి. అవి తక్షణం మెదడుకు కబురు పంపుతాయి. మెదడు కాళ్ళలోని రక్తనాళాలను బిగించమంటుంది, గుండెను కాస్త వేగం పెంచమంటుంది. ఇదంతా మనకు తెలియకుండానే కొన్ని సెకన్లలో జరిగిపోతుంది. పోట్స్ ఉన్న పిల్లల్లో ఈ సర్దుబాటు సరిగా కుదరదు. కొందరిలో కాళ్ళ రక్తనాళాలు బిగియవు, కొందరిలో ఒంట్లో రక్తపు పరిమాణమే తక్కువ, కొందరిలో గుండెను తొందరపెట్టే నార్ ఎడ్రినలిన్ అనే పదార్థం అతిగా ఊరుతుంది. కారణం ఏదైనా, పైకి చేరే రక్తం చాలక గుండె పరుగు అందుకుంటుంది. బావిలో నీళ్ళు తక్కువైతే మోటారు ఎంత గట్టిగా తిరిగినా కుళాయిలో ధార సన్నగానే వస్తుంది కదా, అలాంటిదే.

ఈ జబ్బుకు ఇప్పుడున్న పేరు 1993లో అమెరికాలోని మేయో క్లినిక్ నుంచి షోన్‌డార్ఫ్, లో అనే ఇద్దరు వైద్యులు రాసిన వ్యాసంతో స్థిరపడింది. జబ్బు మాత్రం కొత్తది కాదు. అమెరికా అంతర్యుద్ధం నాటి సైనికులను పరీక్షించిన డా కోస్టా అనే వైద్యుడు 1871లోనే, గుండెలో ఏ దోషమూ లేకుండా దడతో, ఆయాసంతో బాధపడే యువకుల గురించి రాశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సర్ థామస్ లూయీస్ అలాంటివాళ్ళనే మళ్ళీ చూశాడు. వాళ్ళలో ఎందరికి పోట్స్ ఉందో ఈనాడు తేల్చలేము గాని, ఆ వర్ణనలు చదివితే మన పిల్లలు చెప్పే మాటలే వినిపిస్తాయి. తుపాకి పట్టిన సిపాయీలకే "ఏమీ లేదు, భయం" అని ముద్ర వేశారంటే, పదమూడేళ్ళ ఆడపిల్ల మాట ఎవరు వింటారు?

ఇక లక్షణాలు. ఇది ఎక్కువగా యుక్తవయసు వచ్చేటప్పుడు, పిల్ల గబగబ ఎత్తు పెరిగే రోజుల్లో మొదలవుతుంది. మగపిల్లలకంటే ఆడపిల్లల్లో చాలా ఎక్కువ. తరచుగా ఏదో ఒక వైరస్ జ్వరం వచ్చి తగ్గిన తరువాత బయటపడుతుంది. కరోనా తరువాత ఇలాంటివారు ఎక్కువగా కనిపించడంతో ప్రపంచమంతటా డాక్టర్ల దృష్టి దీనిమీద పడింది. తల తేలిపోవడం, గుండె దడ, ఎంత పడుకున్నా తీరని అలసట, తలనొప్పి, వికారం, కడుపునొప్పి, చేతులు వణకడం, చల్లబడటం, చదివినది బుర్రకెక్కకపోవడం. కొందరిలో కాసేపు నిలబడితే పాదాలు ఎర్రగానో ఊదారంగుగానో మారతాయి. చాలామంది పూర్తిగా స్పృహ తప్పి పడిపోరు, పడిపోతామేమో అన్నంతదాకా వెళ్ళి కూర్చుంటారు. కూర్చుంటే కొంత నయం, పడుకుంటే ఇంకా నయం. ఉదయం పూట, ఎండలో, వేడినీళ్ళ స్నానం తరువాత, కడుపునిండా తిన్న తరువాత ఎక్కువవుతుంది.

ఉదయం పూట ఎక్కువ అన్నమాట గుర్తుంచుకోండి. పొద్దున్నే లేవలేని పిల్ల సాయంత్రానికి తేరుకుని చెల్లెళ్ళతో నవ్వుతూ మాట్లాడుతుంటే, "చూశారా, బడి టైముకే రోగం" అని అమ్మీ అంటుంది. ఆ మాటలో అమ్మీ తప్పేమీ లేదు, ఆమెకు కనిపించినది ఆమె అన్నది. ఈ జబ్బు స్వభావమే అంత.

మా దగ్గర తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. లెక్కల్లో మంచి చురుకు. జ్వరం వచ్చి తగ్గిన రెండు నెలల తరువాత కూడా ప్రార్థన సమయంలో వరుసలోనే కూలబడేది. వాళ్ళ అబ్బా చిన్న మెకానిక్ షెడ్డు నడుపుతాడు. అప్పు చేసి పట్నంలో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఈసీజీ తీశారు, గుండె స్కానింగ్ చేశారు, రక్తపరీక్షలు చేశారు. అన్నీ పడుకోబెట్టి, కూర్చోబెట్టి చేసినవే. అన్నీ నార్మల్. "పిల్ల మనసులో ఏదో ఉంది, కనుక్కోండి" అని చెప్పి పంపారు. ఆ ఒక్క మాటతో ఇంట్లో ఎంత గొడవ జరిగిందో మీరు ఊహించగలరు. మనసులో ఏముంది, ఎవరున్నారు అని మొదలైంది. ఇక బడి వద్దు, సంబంధం చూద్దాం అన్నదాకా వచ్చింది. మేము ఇంటికి పోయి ఆయనతో చెప్పినదల్లా ఇంతే: అమ్మాయి పడుకున్నప్పుడు నాడి లెక్కపెట్టండి, నిలబడినప్పుడు లెక్కపెట్టండి, కాగితం మీద రాసి మళ్ళీ ఒక పిల్లల డాక్టరుకు చూపించండి. ఈసారి దొరికిన డాక్టరుగారు ఆ కాగితం చూసి తానే స్వయంగా పరీక్ష చేశారు. పడుకున్నప్పుడు నిమిషానికి 78. నిలబడిన అయిదో నిమిషానికి 122, పదో నిమిషానికి 126. రక్తపు పోటు పడిపోలేదు. మనసులో ఉందన్న రహస్యం కాస్తా ఒక గడియారంతో, ఒక బీపీ మిషనుతో తేలిపోయింది!

ఆ పరీక్ష ఎలా చేస్తారో వివరంగా చెబుతాము. ఈనాటి ప్రసంగంలో అసలు సంగతి ఇదే గనుక కాస్త ఓపిక పట్టండి.

వీలైతే ఉదయం పూటే చేయాలి. మధ్యాహ్నం చేస్తే కొందరిలో దొరకకుండా పోతుంది. అంతకుముందు టీ, కాఫీ ఇవ్వకూడదు. పిల్ల కనీసం అయిదు నిమిషాలు, కుదిరితే పది నిమిషాలు ప్రశాంతంగా పడుకోవాలి. పక్కన టీవీ, తమ్ముళ్ళ అల్లరి ఉండకూడదు. అప్పుడు నాడి, బీపీ చూసి రాయాలి. తరువాత నిలబెట్టాలి. నడవకూడదు, కాళ్ళు కదపకూడదు, పిక్కలు బిగించకూడదు, కబుర్లు చెప్పకూడదు. గోడకు వీపు ఆనించి, మడమలు గోడకు జానెడు దూరంలో పెట్టి నిలబెట్టే పద్ధతి కూడా ఉన్నది. దాన్ని నాసా లీన్ టెస్టు అంటారు, అంతరిక్ష సంస్థ పేరు మీదుగా. 1, 3, 5, 10 నిమిషాలకు నాడి, బీపీ మళ్ళీ చూసి రాయాలి. పక్కన ఒక మనిషి తప్పకుండా ఉండాలి. పిల్ల తూలినా, కళ్ళు బైర్లు కమ్ముతున్నాయన్నా అక్కడితో ఆపి పడుకోబెట్టాలి. పది నిమిషాలు పూర్తి చేయాలనే పంతం పనికిరాదు.

లేచిన మొదటి అర నిమిషంలో నాడి ఎగిరిపడటం అందరిలోనూ ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోరు. ఆ తరువాత కూడా దిగకుండా నిలిచిన పెరుగుదలే లెక్క. పెద్దవాళ్ళలో పది నిమిషాల లోపల 30 గాని, అంతకు మించి గాని పెరిగితే పోట్స్ అని అనుమానిస్తారు. పిల్లలకు ఆ కొలత సరిపోదు. ఆరోగ్యంగా ఆడుకునే పిల్లల్లో కూడా చాలామందికి 30 దాటుతుంది. అందుకే 2011లో నిపుణుల సంఘాలు కలిసి చేసిన తీర్మానంలో 12 నుంచి 19 ఏళ్ళ వారికి కనీసం 40 పెరగాలని పెట్టారు. 2012లో మేయో క్లినిక్ వారు నూరుమందికి పైగా ఆరోగ్యవంతులైన పిల్లలను పరీక్షించి చూసినా 40 అన్న హద్దే సబబుగా తేలింది. చైనాలోని పిల్లల వైద్యులు ఇంకో కొలత కూడా చూస్తారు: నిలబడినప్పుడు నాడి 6 నుంచి 12 ఏళ్ళవారిలో 130కి, 13 నుంచి 18 ఏళ్ళవారిలో 125కి చేరితే దాన్నీ లెక్కిస్తారు.

అంకె ఒక్కటే చాలదు. మూడు సంగతులు కలిసి రావాలి. నాడి అంత పెరగాలి. బీపీ పడిపోకూడదు, అంటే పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని తగ్గకూడదు. తగ్గితే అది వేరే జబ్బు. మూడోది, నిలబడితే వచ్చి పడుకుంటే తగ్గే బాధలు కనీసం మూడు నెలలుగా ఉండాలి. నిన్న ప్రార్థనలో ఒక్కసారి కళ్ళు తిరిగి పడిన పిల్లవాడికి ఈ పేరు పెట్టకూడదు. ఎండలో, ఖాళీ కడుపుతో నిలబెడితే ఎవరైనా పడతారు, దానికి హెడ్‌మాస్టర్లు ప్రసంగాలు తగ్గించుకోవాలి గాని పిల్లలకు పరీక్షలు అక్కరలేదు.

కరోనా రోజుల్లో చాలా ఇళ్ళలోకి వేలికి తగిలించే ఆక్సీమీటరు వచ్చింది. అందులో నాడి అంకె కూడా కనిపిస్తుంది గనుక దాన్ని వాడవచ్చు. అయితే గోళ్ళరంగు ఉన్నా, గోరింటాకు నల్లగా పండినా, చేతులు చల్లబడినా అది తప్పు చూపగలదు. మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి, గడియారం చూసి అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయడం మాకు నమ్మకమైన పద్ధతి. నబ్జ్ చూడటం మన హకీముల సొత్తు. ఇబ్న్ సీనా వెయ్యేళ్ళ కిందట రాసిన అల్ ఖానూన్‌లో నాడి మీద విడిగా అధ్యాయాలే ఉన్నాయి. మనవాళ్ళ వేళ్ళకు ఇది కొత్త విద్య కాదు.

కాని ఇంట్లో లెక్కపెట్టి ఇంట్లోనే తీర్పు చెప్పవద్దు. నిలబడితే నాడి పెరగడానికి ఇతర కారణాలు ఎన్నో ఉన్నాయి, వాటిని డాక్టరు ఒక్కొక్కటిగా తోసిపుచ్చాలి. మొట్టమొదటిది రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నది. కనుక మన ఇళ్ళలో కళ్ళు తిరిగే ఆడపిల్లలలో ఎక్కువమందికి ముందు చూడవలసినది పోట్స్ కాదు, హిమోగ్లోబిన్. పన్నెండేళ్ళు దాటిన ఆడపిల్లకు 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే దానికి చికిత్స జరగాలి. తరువాత థైరాయిడ్ అతిగా పనిచేయడం, విరేచనాలు లేదా నీళ్ళు తాగకపోవడం వల్ల ఒళ్ళు ఎండిపోవడం, తిండి మానేసి చిక్కిపోవడం, పాత జ్వరం, నెలల తరబడి మంచాన పడి ఉండటం. ఉబ్బసానికి వాడే సాల్బుటమాల్ వంటి మందులు కూడా గుండె వేగం పెంచుతాయి, వాడుతున్న మందులన్నీ డాక్టరుకు చూపించాలి. బడిలో నీళ్ళు తాగని ఆడపిల్లల సంగతి కూడా చెప్పాలి. మరుగుదొడ్డి సరిగా లేదని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గుటకెడు నీళ్ళు ముట్టని పిల్లలున్నారు. దానికి ఏ సిండ్రోమూ అక్కరలేదు, తలుపుకు గొళ్ళెం ఉన్న మరుగుదొడ్డి చాలు.

కొందరి కీళ్ళు అతిగా వంగుతాయి. బొటనవేలు వెనక్కి వంచితే ముంజేతికి తాకుతుంది, చిటికెన వేలు నిటారుగా వెనక్కి లేస్తుంది. ఇది పోట్స్‌తో కలిసి కనిపించే లక్షణం గనుక డాక్టరుతో చెప్పవలసిన విషయమే.

ఇప్పుడు చెప్పేది మాత్రం అందరూ వినండి. కొన్ని గుర్తులు కనిపిస్తే పోట్స్ గురించి ఆలోచిస్తూ కూర్చోకూడదు, వెంటనే గుండె డాక్టరు దగ్గరికి పోవాలి. పరుగెత్తుతుండగా స్పృహ తప్పడం, ఏ సూచనా లేకుండా, పడుకుని ఉన్నప్పుడు కూడా స్పృహ తప్పడం, శ్రమ చేసినప్పుడు గుండెలో నొప్పి, కుటుంబంలో చిన్న వయసులో ఎవరైనా హఠాత్తుగా చనిపోయి ఉండటం. మన కుటుంబాల్లో దగ్గరి చుట్టరికపు పెళ్ళిళ్ళు ఉన్నాయి గనుక ఇంకొకటి కూడా చెప్పాలి. పుట్టుకతో చెవుడు ఉన్న పిల్ల భయపడినప్పుడో, పరుగెత్తినప్పుడో స్పృహ తప్పుతుంటే ఈసీజీ తప్పనిసరి. నార్వేలో జెర్వెల్, లాంగే నీల్సన్ అనే వైద్యులు 1957లో ఒకే ఇంటి పిల్లల్లో దీన్ని గుర్తించారు. తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు వైపులా దోషం అందితే వచ్చే జబ్బు ఇది. ఇది ప్రాణం తీయగలదు. పోట్స్ బాధ పెడుతుంది గాని ప్రాణం తీసే జబ్బు కాదు. రెంటినీ కలిపి చూడకూడదు. అందుకే పోట్స్ అని అనుమానం ఉన్నవారికి కూడా ఒక్కసారైనా ఈసీజీ తీయిస్తారు.

దిగులు వల్ల కూడా గుండె దడ వస్తుంది, కాదనము. అయితే దిగులు దడ కూర్చున్నా వస్తుంది, పడుకున్నా వస్తుంది. పోట్స్ దడ నిలబడటాన్ని పట్టుకుని వస్తుంది. రెండూ ఉన్న పిల్లలు కూడా ఉంటారు. నెలల తరబడి ఎవరూ నమ్మకపోతే ఎవరికి దిగులు పుట్టదు చెప్పండి? మనసు డాక్టరు దగ్గరికి పంపితే తప్పులేదు, నిలబెట్టి నాడి చూడకుండా పంపడమే తప్పు.

ఆసుపత్రుల్లో బల్లకు కట్టి, బల్లనే 60, 70 డిగ్రీలు పైకి లేపి చూసే టిల్ట్ టేబుల్ పరీక్ష ఉన్నది. హైదరాబాదు వంటి పట్నాల్లో దొరుకుతుంది. సందేహం తీరనప్పుడు అది ఉపయోగమే. నిలబెట్టి చేసే పరీక్షలోనే స్పష్టంగా తేలితే, దానికోసం అప్పు చేసి పరుగెత్తవలసిన పని చాలామందికి ఉండదు.

జబ్బు తేలిన తరువాత సంగతి క్లుప్తంగా. నీళ్ళు బాగా తాగాలి, పెద్ద పిల్లలకు రోజుకు రెండు మూడు లీటర్లు. డాక్టరు సరేనంటే ఉప్పు పెంచుతారు. మూత్రపిండాల జబ్బో, బీపీయో ఉంటే ఉప్పు జోలికి పోరాదు. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ మన ఇళ్ళలో ఉన్నదే. పొట్ట దాకా బిగుతుగా ఉండే మేజోళ్ళు, కొద్దికొద్దిగా తినడం, మెల్లగా లేవడం. అన్నిటికంటే ముఖ్యం వ్యాయామం. మొదట పడుకుని, కూర్చుని చేసేవి, తరువాత నడక. పూర్తిగా మంచానికి అంటిపెట్టుకుంటే జబ్బు ముదురుతుంది. ఇవి చాలకపోతే ప్రొప్రనలాల్, ఐవాబ్రడిన్, మిడోడ్రిన్ వంటి మందులున్నాయి, వాటిని పిల్లకు తగ్గట్టు డాక్టరే నిర్ణయించాలి. నెలల్లో కొందరు, సంవత్సరాల్లో చాలామంది తేరుకుంటారు.

రమజాన్ సంగతి అడుగుతారని తెలుసు. పగలంతా నీళ్ళు లేకుండా ఉండటం ఈ పిల్లలకు కష్టం. రోగికి మినహాయింపు ఉన్నదని, తరువాతి రోజుల్లో లెక్క పూర్తి చేసుకోవచ్చునని సూరె బఖరాలోనే ఉన్నది. నిలబడలేనివారు కూర్చుని నమాజు చేసుకోవచ్చునన్నది మనందరికీ తెలిసినదే. డాక్టరు చీటీ తీసుకుని మౌలానాగారిని అడగండి. పిల్లను మాత్రం సిగ్గుపడేలా చేయవద్దు. రోజా ఉన్న సాయంత్రం ఈ పరీక్ష చేస్తే అంకెలు నమ్మదగినవి కావు.

ఇక బయటికి ఎవరూ అనని మాట. "గుండె జబ్బు అని పేరు పడితే సంబంధాలు రావు" అన్న భయంతో ఆడపిల్లను డాక్టరుకే చూపించని ఇళ్ళు ఉన్నాయి. ఇది గుండెలో రంధ్రం కాదు, కవాటం జబ్బు కాదు. చూపించకపోతే వచ్చే పేర్లు ఇంతకంటే చెడ్డవి. బద్ధకస్తురాలు, పిచ్చిది, గాలి సోకినది - వీటిలో ఏ పేరుతో మంచి సంబంధం వస్తుంది?

మేము చెప్పిన అమ్మాయి పదో తరగతి పాసయింది. ప్రార్థనలో కూర్చోవడానికి, తరగతిలో నీళ్ళసీసా దగ్గర పెట్టుకోవడానికి, పరీక్షల్లో మధ్యమధ్య కాళ్ళు చాపుకోవడానికి మా హెడ్‌మాస్టరు అనుమతి ఇచ్చారు. దానికి కావలసి వచ్చినది డాక్టరు రాసిన నాలుగు వరుసల చీటీ. మీ పిల్లల బడికి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వారి వైద్య బృందం వచ్చినప్పుడు కూడా ఈ బాధలు చెప్పించండి. 2013లో మొదలైన ఈ పథకం పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల కోసం.

మన సంఘ కార్యాలయంలో ఒక బీపీ మిషను, ఒక సెకన్ల ముల్లు గడియారం, ఒక బల్ల ఉంచాలని కార్యవర్గానికి విజ్ఞప్తి చేస్తున్నాము. తల్లులే వచ్చి చూసుకునేలా శుక్రవారం కాకుండా ఇంకొక రోజు ఉదయం కేటాయిస్తే మంచిది. నాడి రాసుకునే కాగితం నమూనా ఉర్దూలోనూ, తెలుగులోనూ మేమే రాసి తెచ్చాము. పడుకున్నప్పుడు, 1, 3, 5, 10 నిమిషాలకు, బీపీకి ఒక గడి, పిల్ల ఆ నిమిషంలో ఏమన్నదో రాయడానికి ఒక గడి. భోజనాల తరువాత ఈ స్తంభం దగ్గర కూర్చుంటాము. నాడి లెక్కపెట్టడం నేర్చుకోదలచినవారు రండి.